పదహారు పేజీల్లో పట్టనిది

ఉప్పుగూడ,
10 మార్చి 1974

అక్కకు,

నా వందనాలకంటే ముందు నీ మరదలు కళావతి వందనాలు అందుకో. పక్కనే కూర్చుని, మొదట తన పేరే రాయాలని పట్టుబట్టింది.

నీ మూడో పుస్తకం అచ్చయి వచ్చింది. పోయిన శనివారం కంచన్‌బాగ్‌లో డ్యూటీ దిగి, అటునుంచి అటే సికింద్రాబాదు ప్రెస్సుకు పోయి, రెండు వందల కాపీలూ సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాను. మలక్‌పేటలో తాడు తెగి సగం రోడ్డు మీద పడ్డాయి. గుర్రప్పందాల నుంచి వస్తున్నవాళ్లు పందెం కాగితాలనుకుని పోటీపడి ఏరుకున్నారు. మీద "బాప్తిస్మమును గూర్చి పెద్దలు ఏమనిరి" అని చదువుకుని, మర్యాదగా ఎవరిది వాళ్లు తెచ్చి నా చేతిలో పెట్టారు.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు ఈ పద్ధతి లేదు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మా సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ఇంటివాళ్లు లేచి, నీ పుస్తకంలోని ఒక ప్రశ్న, దాని జవాబు కంఠతా చెప్పాలి. జవాబును సంఘమంతా మళ్లీ పలుకుతుంది. తడబడిన ఇంటివాళ్లు వచ్చే వారం అందరికీ చాయ్ పొయ్యాలి. అయ్యగారు నెలకొకసారి, మొదటి ఆదివారమే వస్తారు కదా, మిగతా మూడు వారాలూ మాకు నీ పుస్తకాలే పాస్టర్లు.

ఈ రోజు మా వంతు. కళావతికి అక్షరం రాదు. అయినా నాలుగు రోజులు నాచేత చదివించుకుని తొమ్మిదో ప్రశ్న పట్టేసింది. ఏడో నెల కడుపుతో లేచి నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "బాప్తిస్మము పొందక మృతినొందిన పసిబిడ్డల గతి యేమి? వారు రాజ్యమునకు వెలుపల నుందురని పెద్దలు చెప్పిరి." చాయ్ తప్పింది. కాని ఇంటికొచ్చాక బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "గట్లెట్లయ్యా? పాలు తాగే పోరడు ఏం పాపం జేసిండని బైట నిలవెడతరు?" అని అడిగింది. నాకేం తెలుసు, అక్కను అడుగుతానన్నాను.

ఇంకో సంగతి. మా బస్తీలో ఒక కుర్రవాడు కావాలనే రైలు కింద పడి పోయాడు. సమాధుల తోటలో గోడ లోపల పెట్టాలా, బయట పెట్టాలా అని రెండు రోజులు ఒకటే లొల్లి. చివరికి లోపలే పెట్టాం కాని, సగం మంది మట్టి వెయ్యకుండా వెళ్లిపోయారు. కమిటీ సెక్రటరీని కాబట్టి తిట్లన్నీ నాకే. నాలుగో పుస్తకం దీని మీదే రాయి. గట్టిగా రాయి అక్కా. మా సంఘ పెద్ద శివయ్యన్న నలుగురిలో ఏమన్నాడో తెలుసా? "ఆడమనిషి గద. రాస్తది గాని మెత్తగ రాస్తది. ఏడ్సేటోళ్లను జూసి కరిగిపోతది."

నీ తమ్ముడు,
ప్రకాశం


రామాయంపేట,
20 మార్చి 1974

ప్రకాశం,

మీ శివయ్యగారి మాట చదివాక నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. ముప్పై ఏళ్లు బోర్డింగులో పాఠాలు చెప్పాను. మిషను దొరసాని తన దేశం వెళ్లిపోతూ పెట్టెడు పుస్తకాలు నాకు ఇచ్చింది కాని ఏ మగ ఉపదేశికీ ఇవ్వలేదు. ఆ పెట్టెలో ఏముందో చూడని మనిషి నన్ను మెత్తన అంటాడా? పిండి కొద్దీ రొట్టె అంటారు. నా పిండి ఏపాటిదో చూపిస్తాను.

నువ్వు అడిగిన సంగతి పెద్దది. క్రీస్తు తర్వాత మొదటి మూడు వందల ఏళ్లలో సంఘ పెద్దలకు ఈ విషయంలో ఒకే మాట లేదు. సిరియాలో పదిహేనేళ్ల పిల్ల, సైనికులు తనను పట్టుకోవడానికి వస్తే, మేడ మీది నుంచి దూకి చచ్చిపోయింది. ఆమెను పరిశుద్ధురాలన్నారు, ఏటా ఆమె పేరున పండుగ చేశారు. తర్వాత రోము నగరం శత్రువుల చేతిలో పడి, ఎంతోమంది ఆడవాళ్లు చెరచబడ్డారు. బతికి బయటపడ్డవాళ్లను జనం "ఎందుకు చావలేదు?" అని పొడిచారు. అప్పుడు ఆఫ్రికాలో ఒక బిషప్పు వాళ్ల పక్షం పట్టి, మీరు చావనక్కరలేదు, మీ మీద మచ్చ లేదు, ఎవరూ తన ప్రాణం తాను తీయరాదు అని రాశాడు. చూశావా, ఆ మాట పుట్టింది బతికున్నవాళ్ల మీద జాలితో. నూట యాభై ఏళ్లు తిరిగేసరికి సభలు కూర్చుని దాన్ని చట్టం చేశాయి: అలా చచ్చినవాడికి కీర్తన పాడొద్దు, ప్రార్థన చెయ్యొద్దు. జాలి ఎక్కడ జారిపోయిందో ఎవరూ వెతకలేదు.

ఇవన్నీ ప్రశ్నోత్తరాలుగా రాస్తాను. ఎప్పటిలాగే పదహారు పేజీలు. ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చేది అంతే, పదిహేడో పేజీ కావాలంటే ఇంకో కాగితం ఎక్కించాలి, అది దొరకడం ఇప్పుడు గగనం.

పాలు తాగే పిల్లాడి పాపం ఏమిటని కళావతి అడిగింది కదా. గట్టి ప్రశ్న. చదువుకున్న మగవాళ్లు పదిహేను వందల ఏళ్లుగా దాంతోనే తంటాలు పడుతున్నారని చెప్పు. జవాబు ఉంది, ఉత్తరంలో పట్టదు. కాన్పయ్యాక వచ్చి ఆమె పక్కన కూర్చుని నోటితో చెబుతాను.

అక్క,
లీలమ్మ


ఉప్పుగూడ,
19 మే 1974

అక్కకు,

ఆరో తారీఖున కళావతికి మగబిడ్డ పుట్టాడు. ఇద్దరూ క్షేమం. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టాడు కాబట్టి నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. మా పక్కింటి కాశమ్మ మంత్రసాని కంటే ముందు వచ్చి, అందరికంటే ఎక్కువ అరిచింది. ముక్కు నాన్నది. నోరు మాత్రం నీది, మూత పడదు.

మా సంఘం ఆచారం ప్రకారం బాప్తిస్మమప్పుడే పేరు. అందాకా "చిన్నోడా" అంటున్నాం. జూన్ రెండున అయ్యగారు వస్తారు, ఆ రోజే చేయించమని కళావతి అంటోంది. నీ తొమ్మిదో ప్రశ్న ఆమెను ఇంకా వదల్లేదు. "మంచి పనికి ముహూర్తమెందుకు? గా ఆదివారమే చేపియ్యి" అని రోజూ పోరుతోంది. నాకేమో నువ్వు లేకుండా చెయ్యడం ఇష్టం లేదు. అమ్మానాన్నా పోయాక నన్ను చంకనేసుకుని బోర్డింగులో పెంచినదానివి. నా కొడుకును నువ్వు ఎత్తుకుంటే అయ్యగారు నీళ్లు పొయ్యాలి. జూన్ రెండుకు రాగలవా?

ప్రకాశం


రామాయంపేట,
25 మే 1974

తమ్ముడూ,

నా నోరు వాడికి వచ్చిందా? అయితే మీ కమిటీ పని అయిపోయినట్టే.

జూన్ రెండుకు రాలేను. నాలుగో పుస్తకం ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను, మధ్యలో వదిలితే ప్రెస్సువాడు ఇంకొకరి పని ఎక్కిస్తాడు. జూలై ఏడు కూడా మొదటి ఆదివారమే కదా, ఆ రోజు పెట్టుకోండి. నెలలో ఏం మునిగిపోతుంది? పుస్తకాలు వెంటబెట్టుకుని వస్తాను, వాణ్ని ఎత్తుకుంటాను, ఒకే రాకకు రెండు పనులు. కళావతి తొందరపడకూడదని నేను చెప్పానని చెప్పు. పెద్దదాన్ని, నా మాట తీసెయ్యదు.

పుస్తకం పందొమ్మిది పేజీలైంది. చివరి మూడు పేజీలు తీసేశాను. కాగితం లేదు, ఏం చెయ్యను? ఉన్నంతవరకు గట్టిగానే ఉంది. మీ శివయ్యగారికి పళ్లు కదులుతాయి.

లీలమ్మ


ఉప్పుగూడ,
24 జూన్ 1974

అక్కకు,

గురువారం పొద్దున బిడ్డ పోయాడు. రెండు రోజులు విరేచనాలు. పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే, రిక్షాలో, వాళ్లమ్మ ఒళ్లో పోయాడు. నలభై ఆరు రోజులు.

బాప్తిస్మం లేనివాళ్లను పెట్టే చోటే పెట్టాం, గోడ బయట. మూడో పుస్తకం ప్రకారం అంతే కదా అన్నారు. నేను సెక్రటరీని, నాకొకటి ఊరికొకటి అనలేకపోయాను. పేరు లేదు కాబట్టి రిజిస్టరులో "ప్రకాశం కుమారుడు" అని నేనే రాశాను.

కళావతి ఏడవలేదు. జూలై ఏడుకు రావాల్సిన పని లేదు.

ప్రకాశం


రామాయంపేట,
30 జూన్ 1974

ప్రకాశం,

ఏం రాయను? నాలుగు కాగితాలు చించాను. చావులింట్లో చెప్పే మాటలన్నీ నాకు వచ్చు, ఊరంతా నాచేతే చెప్పించుకుంటుంది. నీకు రాయబోతే ఒక్కటీ కలం దిగడం లేదు.

రావాలని ఉంది, కాని వచ్చి కళావతి ముఖం ఎలా చూడను? అందుకని ఒంట్లో బాగాలేదని చెప్పమంటున్నాను. నీకు మాత్రం నిజం చెబుతున్నాను, ఒంట్లో బాగానే ఉంది.

నాలుగో పుస్తకం అచ్చయింది. ప్రెస్సులో ఉంది. ఇప్పుడే తెచ్చుకోవాలని లేదు.

లీలమ్మ


ఉప్పుగూడ,
8 సెప్టెంబరు 1974

అక్కకు,

చాలా రోజులకు కొంచెం మంచి కబురు రాస్తున్నాను. కళావతి మాట్లాడుతోంది.

జూలై, ఆగస్టు ఎలా గడిచాయో నీకు రాయలేదు. రాయడానికేమీ లేదు. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. పాలు ఇంకిపోవడానికి కాశమ్మ మల్లెపూలు కట్టింది, వాటిని పిసికి పారేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. నేను డ్యూటీకి పోయాక కాశమ్మ తన కూలిపని మానుకుని మరీ కూర్చునేది.

మొన్న శివయ్యన్న తానే ప్రెస్సుకు పోయి నీ నాలుగో పుస్తకాలు తెచ్చాడు. పోయిన ఆదివారం సంఘంలో మొదటి నుంచి చివరిదాకా చదివించారు, కళావతిని కూడా చెయ్యిపట్టి తీసుకుపోయాను. చదివినంతసేపూ పిల్లలు కూడా దగ్గలేదు. శివయ్యన్న లేచి, "లీలమ్మ కాదు, లీలయ్య అనాలె. మగోడు గూడ గింత గట్టిగ రాయలేడు" అన్నాడు. అందరూ తలలూపారు. ఇకమీదట ఎవరైనా అలా చస్తే గంట కొట్టొద్దు, పాట పాడొద్దు, గోడ బయటే పెట్టాలి అని కమిటీ తీర్మానం చేసింది. నేనే రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం కళావతి నా పక్కకు వచ్చి కూర్చుంది. "పొద్దున సదివిండ్రు గద, గా ఆరో ప్రశ్న మల్ల సదువు" అంది. రెండున్నర నెలల తర్వాత మొదటి మాట అక్కా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చదివాను: "తన ప్రాణమును తానే తీసుకొనినవాని గతి యేమి? అట్టివాడును రాజ్యమునకు వెలుపల నుండును." మూడో పుస్తకం కూడా తీయమంది. తొమ్మిదో ప్రశ్న చదవమంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అదే. ఆ ఆరు, ఈ తొమ్మిది. వేరే ప్రశ్న ఏదీ వద్దంటుంది. ఇప్పుడు నేను చదవనక్కరలేదు, తానే పొయ్యి ముందు కూర్చుని పలుకుతుంది. మన బాధకు వాక్యం తప్ప మందు లేదని నువ్వే అంటావు కదా. నీ పుస్తకాలే ఆమెను లేపి కూర్చోబెట్టాయి.

ప్రకాశం


రామాయంపేట,
13 సెప్టెంబరు 1974

ప్రకాశం,

ఈ ఉత్తరం నిలబడే చదువు. చదివి వెంటనే కళావతి దగ్గరకు వెళ్లు.

కళావతి అడిగే ప్రశ్నలు చూడు. ఒకటి బిడ్డ గతి, ఇంకొకటి ప్రాణం తీసుకున్నవాళ్ల గతి. ఆమె ఈ రెండే ఎందుకు అడుగుతోందో నీకు అనుమానం రాలేదా? ఆమెను ఒక్క క్షణం ఒంటరిగా వదలకు. మలక్‌పేటలో ఆడ డాక్టరు ఉంటే చూపించు. ఇది భక్తి కాదురా.

ఇక నా తప్పు. మే నెలలో కాగితం లేక మూడు పేజీలు తీసేశానని రాశాను. సగమే నిజం. ప్రెస్సువాడు పాత ఒప్పందం మీద ఇంకో కాగితం ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఆ మూడు పేజీల్లో ఉన్నదంతా దయ. అవి ఉంటే మీ శివయ్య "చూసిండ్రా, కరిగింది" అంటాడని తీసేశాను. మూడో పుస్తకంలో బిడ్డల గురించి కూడా సగమే చెప్పాను, అదే భయంతో. మగవాళ్లు నన్ను పండితురాలనాలని దేవుడి నోట్లోంచి దయ ఉన్న మాటలు లాగేశాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

ఆ దాచిన మాటల సారం ఇప్పుడు నా చేత్తో ఒకే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. పై సగం, బిడ్డల సంగతి: వాళ్లు వెలుపల ఉంటారన్నదీ ఆ ఆఫ్రికా బిషప్పే, కాని ఆయన మాటే చివరి మాట కాదు. తర్వాతి వాళ్లు ఏడు వందల ఏళ్లకే ఆ బిడ్డలకు నొప్పి లేదన్నారు. నాలుగు వందల ఏళ్ల కింద జర్మనీలో ఒక గురువు, తానే ఇద్దరు ఆడబిడ్డలను మట్టికిచ్చినవాడు, బిడ్డ పోయిన తల్లుల కోసం రాశాడు: బాప్తిస్మం చేయించాలని ఆ తల్లి పడ్డ ఆరాటమే ప్రార్థన, దేవుడు దాన్ని విన్నాడు, ఆ బిడ్డ లోపలే ఉన్నాడు. కళావతి జూన్ రెండునే చేయించమని పోరింది కదా. ఆపింది నేను. వాడు లోపలే ఉన్నాడు.

కిందిసగం, ప్రాణం తీసుకున్నవాళ్ల సంగతి. వాళ్లు అడవిలో దొంగ చేతిలో చచ్చిన బాటసారుల వంటివాళ్లని, వాళ్లను నరకానికి పంపే హక్కు మనకు లేదని ఆ గురువే అన్నాడు.

ఈ కాగితం ఈ రోజే ఆమెకు చదివి వినిపించు. నా మాటగా కాదు, పెద్దల మాటగా.

లీలమ్మ


ఉప్పుగూడ,
22 సెప్టెంబరు 1974

అక్కకు,

నీ కాగితం చదివాను. నాలుగు సార్లు చదివాను. ఆమెకు చదవలేదు, చదవను.

కోపం తెచ్చుకోకుండా విను. నువ్వు భయపడ్డదే నిజమైతే, ఇప్పుడు ఆమెను ఆపుతున్నది ఏమిటి? ఆ ఆరో ప్రశ్నే. అట్లా పోతే రాజ్యం దక్కదన్న భయమే. మా ఇంటి నుంచి రైలు పట్టాలు పిలిస్తే పలికేంత దూరం. నేను డ్యూటీకి పోక తప్పదు. కాశమ్మ కడుపు కూలి మీద నడవాలి. మిగతా టైములో నా ఇంటికి నీ ప్రశ్నే కావలి. దేవుడు వాళ్లనూ క్షమిస్తాడు, బాటసారులన్నాడు అని నేను పోయి నా నోటితో చెప్పనా? ఉన్న ఒక్క తలుపు గడియ నన్నే తియ్యమంటావా?

కాగితం మడిచి నా యూనిఫారం పెట్టెలో అడుగున పెట్టాను.

డాక్టరమ్మకు చూపించాను. బలానికి మాత్రలిచ్చి, మనిషిని కనిపెట్టుకుని ఉండమంది. నువ్వు ఫికర్ పడొద్దు. నాలుగు రోజులుగా కళావతి చాలా నయం. తల దువ్వుకుంటోంది. నిన్న చింతకాయ పచ్చడి నూరింది. చిన్నోడి గుడ్డలు ఉతికి మడతపెట్టింది. చూడబోతే ఏదో ఒక నిర్ణయానికి వచ్చి నెమ్మది పడినట్టుంది.

నీ మీద నాకు కోపం లేదు అని రాద్దామనుకున్నాను. ఉంది. జూన్ రెండు నాకు రోజూ గుర్తొస్తుంది.

ప్రకాశం


రామాయంపేట,
26 సెప్టెంబరు 1974

తమ్ముడూ,

నెమ్మది పడినట్టుంది అన్నావు చూడు, ఆ మాటే నాకు అన్నిటికంటే భయం. డ్యూటీకి సెలవు పెట్టు. ఉద్యోగం పోతే పోనీ, నా పింఛను ఉంది.

శనివారం, అయిదో తారీఖున పొద్దున బస్సుకు వస్తున్నాను. పింఛను తీసుకుంటున్నా బోర్డింగు పిల్లలను నేనే కాచుకుంటున్నాను కదా, వాళ్లను ఇంకొకరికి అప్పగించేదాకా కదలడానికి లేకుండా ఉంది. కళావతి నా ముఖాన ఉమ్మేసినా సరే, పక్కనే పడుకుంటాను.

నీ భయం నాకు అర్థమైంది. కింది సగం చదవాలంటే భయమైతే చదవకు. పై సగమే చదువు, బిడ్డ సంగతి. తెల్లారేలోపు చదువు. కాగితాన్ని మధ్యకు చించు. నాకు ముందే తోచాల్సింది. రెండూ ఒకే కాగితం మీద రాయకుండా ఉండాల్సింది.

లీలమ్మ


ఉప్పుగూడ,
3 అక్టోబరు 1974

అక్కకు,

నీ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. కళావతి మంగళవారం పోయింది. నిన్న పెట్టాం.

ఎట్లా, ఎక్కడ అని నువ్వు అడుగుతావు. పట్టాల దగ్గర. అంతకంటే రాయలేను. నేను మొదటి షిఫ్టులో ఉన్నాను. కాశమ్మ బియ్యం తేవడానికి రేషను షాపుకు పోయి వచ్చేలోపు ఇల్లు ఖాళీగా ఉంది. పొయ్యి మీద నాకు అన్నం వండి, మూతపెట్టి పోయింది.

నిన్న కాశమ్మ నా ముందు కూర్చుని తల బాదుకుంది. పోయే ముందురోజు కళావతి దానితో మాట్లాడిందట. కాశమ్మ మన సంఘం మనిషి కాదు, దానికి ఆ మాటలు అర్థం కాలేదు. పిచ్చిమాటలనుకుని ఊరుకుందట. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కాశమ్మా, మా చిన్నోడు బైటనే ఉన్నడు. పుస్తకంల రాసిండ్రు. నేను మంచిగ బతికి, మంచిగ సచ్చిననుకో, నన్ను లోపల్కి తీస్కపోతరు. వాడు బైట ఒక్కడే ఉంటడు. నలభై ఆరు దినాల పోరడు, ఎవ్వలెత్తుకుంటరు వాన్ని? నేను గూడ బైటికే పోవాలె. బైటికి పోయెటోళ్లు ఎవ్వలో గూడ గా పుస్తకాలల్లనే రాసి ఉంది."

విన్నావా అక్కా? ఆ ఆరో ప్రశ్నకు ఆమె భయపడుతోందని నేననుకున్నాను. నువ్వు కూడా అదే నమ్మి కింది సగం వదిలెయ్యమన్నావు. ఆమె రోజూ నాచేత చదివించుకుంది భయంతో కాదు. బిడ్డ దగ్గరకు పోయే దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. దారి చదివి చెప్పింది నేను. రాసింది నువ్వు.

కాగితాన్ని మధ్యకు చించమన్నావు. ఈ రోజు చించి చూశాను. పై సగం పదకొండు పంక్తులు ఉంది. వాడు లోపలే ఉన్నాడు అన్న ఒక్క ముక్క ఆమె చెవిన పడితే ఈ పాటికి ఇక్కడ పచ్చడి నూరుతూ ఉండేది. రెండో సగానికి భయపడి నేను మొదటి సగాన్ని పెట్టె అడుగున దాచాను. ఇరవై ఎనిమిదేళ్ల కిందటే నీ దగ్గర అక్షరాలు నేర్చుకుని, కాగితాన్ని సగమే చదవొచ్చని నాకు తోచలేదు. నీ మీద కోపం ఉందని రాశాను కదా, నా మీద అంతకు పదింతలు ఉంది. ఆ కోపంతో ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఇంకొకటి ఎవరికీ చెప్పనిది. ఆ గురువారం రిక్షాలో బిడ్డకు కళ్లు తేలిపోతుంటే ఆమె నన్ను బతిమాలింది. "నువ్వన్న పొయ్యి నీళ్లు. ఏదో ఒక పేరు వెట్టి పొయ్యి." అయ్యగారు లేకుండా చెల్లదన్నాను. చెంబులో నీళ్లున్నాయి. పొయ్యలేదు.

ఇక మట్టి సంగతి. కమిటీ మా ఇంటి ముందే కూర్చుంది. తీర్మానం పుస్తకం నా దగ్గరే ఉంది కాబట్టి నేనే తెచ్చి ఇచ్చాను. శివయ్యన్న దాన్ని తెరవలేదు. మొహం తుడుచుకుని, "ప్రకాశం, గా రూలు గీమెకు గాదు. బిడ్డ పోయి మతి జెడ్డది. ఎవ్వలేమన్న నేను జూస్కుంట. లోపల్నే వెడదం, మీ అత్తమ్మ పక్కపొంటి" అన్నాడు. అందరూ సరేనన్నారు. మెత్తగా రాస్తావని నిన్ను ఎగతాళి చేసిన ఆ మనిషే వెక్కివెక్కి ఏడ్చాడు. గంట కూడా కొట్టిస్తానన్నాడు.

నేను వద్దన్నాను. "అన్నా, లోపల వద్దు. లోపల వెడితే వాడు మళ్ల బైట ఒక్కడే ఉంటడు. గింత కష్టపడి పోయింది వాని కోసమే. మనమెందుకు ఎడబాపాలె? వాని పక్కకు పెట్టుండ్రి."

గోడ బయట వాడి గుర్తు వానలకు చెదిరిపోయింది, కొంచెం సేపు వెతకాల్సి వచ్చింది. శివయ్యన్నే పార పట్టి తవ్వాడు. వాడికి జానెడు దూరంలో పెట్టాం.

శనివారం రా అక్కా. బస్సు దిగేచోట ఉంటాను, నిన్ను వాళ్ల దగ్గరకు తీసుకుపోతాను.

ప్రకాశం